‘సెట్’ క్రియ: అర్థవిస్తృతి, తెలుగు వ్యవహారం, నిఘంటుపద్ధతి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆంగ్లంలో అత్యధిక అర్థాలున్న క్రియల్లో ‘సెట్’ ఒకటి. హైదరాబాదు తెలుగులో ‘సెట్ అవు’, ‘సెట్ చేయు’ రూపాల్లో స్థిరపడిన ఈ పదం ఆంగ్లార్థాల్లో కొన్నింటినే వెంట తెచ్చుకొని, ఆంగ్లంలో లేని అర్థాలను సంతరించుకొంది. తార్నాక, రామంతాపూర్ ప్రాంతాల వ్యవహారాన్ని ఆధారంగా చేసుకొని, ఈ పదం ఎక్కడ తెలుగు క్రియల స్థానాన్ని ఆక్రమించింది, ఎక్కడ ఆక్రమించలేకపోయింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించాను. తెలుగు క్రియల ప్రయోగంలో ఖాళీ ఉన్నచోటనే ఈ పదానికి గట్టి స్థానం దొరికిందని, సమానార్థకాల వరుసగా సాగే ఆంగ్ల-తెలుగు నిఘంటుపద్ధతి ఈ తేడాను చూపలేకపోతున్నదని ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: నానార్థకత, అన్యదేశ్యక్రియలు, నిఘంటునిర్మాణం, అనువాదం, హైదరాబాదు తెలుగు, కుదురు, పడు.

1. ప్రవేశిక

ఎం.ఏ. అనువాదపాఠంలో ఇచ్చిన అభ్యాసానికి ఒక విద్యార్థి ‘వాళ్ళిద్దరికీ సెట్ కాలేదు’ అని రాశాడు. ఎర్రసిరాతో సున్న చుట్టి, పక్కన ‘కుదరలేదు’ అని దిద్దాను. పత్రాలు తిరిగి ఇచ్చిన రోజున అతడు వచ్చి, “మేడమ్, ‘కుదరలేదు’ అంటే కలవడానికి వీలు దొరకలేదన్నట్టు ఉంటది. వాళ్ళు కలిసిండ్రు, కలిసే ఉన్నరు. కాని సెట్ కాలే” అన్నాడు. ‘పొసగలేదు’ అని రాయవచ్చు కదా అన్నాను. “అది పుస్తకంల ఉంటది మేడమ్, మా ఇంట్ల ఎవరూ అనరు” అన్నాడు. నేను మార్కు మార్చలేదు. కాని ఆ సాయంత్రం రామంతాపూర్ వెళ్తున్నంతసేపూ ఆ వాక్యాన్నే తిరగేసి చూసుకొన్నాను. అతడు చూపిన తేడా నిజమైనదే. నేను దిద్దిన పదం అతడి వాక్యార్థాన్ని మార్చివేసింది.

ఆంగ్లపదాల చేరికపై మన విమర్శ ప్రధానంగా రెండు ధోరణుల్లో సాగుతూ వచ్చింది. ఒకటి, చేరిన ప్రతి పదాన్నీ నష్టంగా లెక్కించేది. రెండవది, జీవద్భాషకు ఇది సహజమే అని సరిపెట్టుకొనేది. రెండింటిలోనూ ఒక్కొక్క పదాన్ని దగ్గరనుంచి చూసే ఓపిక తక్కువ. నామవాచకాల సంగతి కొంత తేలిక. బస్సు వచ్చింది, దానితో పాటే దాని పేరు వచ్చింది. క్రియల సంగతి అలా కాదు. ‘సెట్’ వచ్చేనాటికి తెలుగులో పెట్టు, ఉంచు, అమర్చు, కుదుర్చు, నిలుపు వంటి క్రియలు సమృద్ధిగా ఉన్నాయి. అన్ని క్రియలుండగా ఈ పొట్టిపదానికి చోటెలా దొరికింది?

2. ఆంగ్లంలో ‘సెట్’

ప్రాచీనాంగ్లంలో ‘కూర్చొను’ అనే అర్థమున్న ‘సిట్టన్’ ధాతువుకు ప్రేరణరూపం ‘సెట్టన్’. అంటే ‘కూర్చుండబెట్టు’. ఈ మూలార్థం నుంచి ఒక వస్తువును దాని చోట ఉంచడం, గడియారాన్ని సరిచేయడం, ధర నిర్ణయించడం, వల పన్నడం, విరిగిన ఎముకను సరిగా నిలపడం మొదలైనవన్నీ పుట్టుకొచ్చాయి. ప్రేరణరూపమైనా అది కాలక్రమంలో అకర్మకంగానూ వ్యవహరించింది. సూర్యుడు అస్తమించినా, సిమెంటు గట్టిపడినా ఆంగ్లంలో ‘సెట్’ అనే అంటారు.

1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ తనను ఇబ్బందిపెట్టిన సాధారణక్రియలను పేర్కొన్నాడు. గెట్, టేక్, రన్, పుట్ వంటి వాటితో పాటు సెట్ కూడా అందులో ఉంది. పెద్ద పెద్ద లాటిన్ పదాల కన్నా ఈ చిన్నమాటలే నిఘంటుకర్తకు కష్టమన్నది అతడి అనుభవం. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్లనిఘంటువు 20 సంపుటాల రెండవ ముద్రణలో (1989) అన్నిటికంటే పొడవైన ఆరోపం ‘సెట్’దే. తర్వాత సాగిన పునఃపరిష్కరణలో ‘రన్’ దాన్ని దాటిందని, ఆ ఒక్క క్రియకే 645 అర్థభేదాలను గుర్తించారని 2011లో వార్తలు వచ్చాయి.

ఇక్కడ ఒక చిక్కును విడదీయాలి. సమూహార్థంలో ఉన్న ‘సెట్’ అనే నామం ఈ క్రియనుంచి నేరుగా పుట్టింది కాదు. అది ప్రాచీన ఫ్రెంచి ద్వారా లాటిన్ నుంచి వచ్చింది. రెండూ ఒకే రూపంలో కలిసిపోవడంతో ఒకదాని అర్థచ్ఛాయ మరొకదానిపై పడింది. గణితంలోని ఆ నామానికి తెలుగులో ‘సమితి’ అనే పరిభాష స్థిరపడింది. తెలంగాణ పదవ తరగతి గణితంలో ‘సమితులు’ ఒక అధ్యాయం. (తెలంగాణలో ‘సమితి’ అనగానే గణితం గుర్తుకొచ్చేవారు తక్కువే అన్నది వేరే సంగతి.) నామానికి పరిభాష దొరికింది కాని క్రియకు దొరకలేదు. దొరకవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే పరిభాషాసంఘాలు కూర్చొని నిర్ణయించేవి నామాలే. 1917లో హైదరాబాదులో ఏర్పడి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూ పాఠ్యగ్రంథాలు సమకూర్చిన దారుల్ తర్జుమా విషయంలోనూ, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి విషయంలోనూ ఎక్కువ శ్రమ శాస్త్రనామాల మీదనే సాగింది. నిత్యక్రియలను జనం తమంతట తాము తేల్చుకోవలసి వచ్చింది.

3. రామంతాపూర్ నుంచి తార్నాక దాకా

రామంతాపూర్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక చేరి, అక్కడినుంచి ఉస్మానియా ఆవరణలోకి వెళ్ళే దారిలో ‘సెట్’ వినిపించని రోజు ఉండదు. ఫోను మరమ్మతు దుకాణంలో “టైం సెట్ చేసిన, చూసుకోండి” అంటారు. బట్టల దుకాణంలో “ఈ రంగు మీకు సెట్ అవుతది అక్కా” అంటారు. వసతిగృహంలో చేరిన మొదటినెలలో “రూమ్మేట్‌తోని సెట్ అయితలేదు” అన్న ఫిర్యాదు మామూలే. పని పూర్తయితే “అంతా సెట్టు”. ఉద్యోగం వస్తే “లైఫ్ సెట్”. ఎవరినైనా దారికి తేవాలంటే “సెట్ రైట్ చేస్తా”. అధ్యాపకులం మనమూ తక్కువేం కాదు, ప్రశ్నపత్రాన్ని ‘కూర్చేవాళ్ళు’ మనలో ఎవరూ లేరు, అందరం ‘పేపరు సెట్ చేసే’వాళ్ళమే.

వీటితో పాటు ధ్వనిసామ్యం వల్ల కలిసిపోయేవి కొన్ని ఉన్నాయి. అధ్యాపక అర్హతపరీక్ష ‘సెట్’. తెలంగాణలో దాన్ని నిర్వహించేది ఉస్మానియా విశ్వవిద్యాలయమే. ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్ వంటివన్నీ కలిసి పత్రికాభాషలో ‘సెట్లు’ అనే బహువచనం ఏర్పడింది. ఇవి మూడక్షరాల సంక్షిప్తరూపాలే తప్ప ఈ క్రియతో వీటికి సంబంధం లేదు. ఉపాహారశాలలోని ‘సెట్ దోశ’ సమూహార్థక నామం. “సెట్ సెట్ అయిందా?” అని ఒక పరిశోధకుడు మరొకరిని అడిగితే వినేవారికి అయోమయం కలగదు. భోజనసమయంలో ‘సైంధవం’ తెమ్మంటే ఉప్పునూ, ప్రయాణసమయంలో తెమ్మంటే గుర్రాన్నీ తేవాలని మన ఆలంకారికులు చెప్పిన ఉదాహరణకు ఇది ఇవాళ్టి రూపం. అనేకార్థక శబ్దానికి అర్థనిర్ణయం చేసే సంయోగం, సాహచర్యం, ప్రకరణం మొదలైనవాటిని భర్తృహరి ఏనాడో గుర్తించాడు. ఆంగ్ల-తెలుగు నిఘంటువులు పక్కనపెట్టింది సరిగ్గా ఈ సాహచర్యాన్నే. ఆ చర్చ తర్వాత వస్తుంది.

వ్యాకరణరీత్యా చూస్తే, ‘సెట్’ తెలుగులోకి ధాతువుగా రాలేదు, నామప్రాయంగా వచ్చింది. అకర్మకానికి ‘అవు’, సకర్మకానికి ‘చేయు’ చేరాయి. పాత అన్యదేశ్యాల్లో దబాయించు, బనాయించు వంటివి ప్రత్యయం చేర్చుకొని నిండు క్రియలయ్యాయి. ‘సెట్టించు’ అన్నవారిని నేను వినలేదు. ఇది ఈ పదానికే పరిమితమైన విశేషం కాదు, ఆంగ్లక్రియలన్నీ ఇంచుమించు ఇలాగే వచ్చాయి. అసలు విశేషం విభక్తిలో ఉంది. ‘నాకు ఆ చొక్కా సెట్ అవదు’, ‘వాళ్ళిద్దరికీ సెట్ కాలేదు’ వంటి వాక్యాల్లో అనుభవించేవారికి ‘కు’ వచ్చింది. ఆంగ్లంలో ‘సెట్’కు ఇలాంటి నిర్మాణం లేదు, ఈ అర్థమూ లేదు. చొక్కా నప్పడాన్ని ఆంగ్లంలో ‘సూట్’ అనో ‘ఫిట్’ అనో అంటారు. ‘నాకు పడదు’, ‘నాకు నప్పదు’, ‘నాకు కుదరదు’ అనే తెలుగు వాక్యాల అచ్చులో ‘సెట్’ను పోశారు. ఇందులో ధ్వని మాత్రమే ఆంగ్లానిది. కారకసంబంధం పూర్తిగా తెలుగుది.

4. చోటు దొరకని తావులు

ఆంగ్లంలో ‘సెట్’ అనే సందర్భాలను తీసుకొని తెలుగు వ్యవహర్తలను అడిగితే మరొక దృశ్యం కనిపిస్తుంది. పాలు పెరుగయితే ‘తోడుకొంది’ అంటారు, ‘పేరుకొంది’ అంటారు. ‘పెరుగు సెట్ అయింది’ అని వంటింట్లో ఎవరూ అనగా వినలేదు. సూర్యుడు ‘సెట్’ కాడు. పొద్దు వాలుతుంది, పొద్దు గూకుతుంది, గుంకుతుంది. ఎముక అతుకుతుంది. వల, ఉచ్చు పన్నుతారు. పూత నిలిచి పిందె కడుతుంది. నారు నాటుతారు. నిప్పు పెడతారు లేదా అంటిస్తారు. గోడకట్టే మేస్త్రి సిమెంటు ‘గట్టిపడింది’ అంటాడు. అదే సిమెంటు ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలకు వెళ్ళగానే దానికి ‘సెట్టింగ్ టైం’ వస్తుంది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు తొలి గట్టిదనం 30 నిమిషాలకు ముందు రాకూడదని, తుది గట్టిదనం 600 నిమిషాలు దాటకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మేస్త్రికి ఈ అంకెలు తెలియకపోవచ్చు. నీళ్ళు కలిపిన మాలు ఎంతసేపట్లో వాడెయ్యాలో మాత్రం అతడికి చేతికి తెలుసు, దానికి అతడి దగ్గర మాటా ఉంది.

వీటిలో ‘పొదుగు’ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కంసాలి నగలో రాయి పొదుగుతాడు. కోడి గుడ్లను పొదుగుతుంది. ఆంగ్లంలోనూ రాయిని నగలో నిలపడం ‘సెట్టే’, పొదిగే కోడిని ‘సెట్టింగ్ హెన్’ అనే వాడుకా ఉంది. పరస్పరసంబంధం లేని రెండు భాషలు ఒకే రెండు పనులను ఒకే క్రియ కింద చేర్చాయి. దారులు మాత్రం వేరు. ఆంగ్లంలో కూర్చోవడం, కూర్చోబెట్టడం అనే భావన నుంచి ఈ రెండూ వచ్చాయి. తెలుగు పొదుగులో చుట్టూ కమ్ముకొని లోపల పట్టుకోవడం కనిపిస్తుంది. పొదిగిన రాయి చుట్టూ బంగారం అంచు కమ్ముకొని ఉంటుంది, గుడ్ల చుట్టూ కోడి రెక్కలు కమ్ముకొని ఉంటాయి. అనువాదకుడు ఇక్కడ ‘పొదుగు’ వాడితే ఏ నష్టమూ లేదు, లాభమే. కాబట్టి నానార్థకత యాదృచ్ఛికమనీ, ఒక భాషలోని అర్థగుచ్ఛం మరొక భాషలో ఎప్పుడూ చెదిరిపోతుందనీ అనుకోవడం తొందరపాటు.

వృత్తికీ, ఇంటిపనికీ సంబంధించిన క్రియ బలంగా ఉన్నచోట ‘సెట్’ అడుగుపెట్టలేదన్నది పై ఉదాహరణల వల్ల తేలుతున్నది. అయితే ఈ బలం ఆ పనిని చూసినవారి దగ్గరే ఉంది. తరగతిలో ఇదే ప్రశ్న వేసినప్పుడు వ్యవసాయకుటుంబాల పిల్లలు ‘పిందె కట్టింది’, ‘కాపు నిలిచింది’ అని తడుముకోకుండా చెప్పారు. నగరంలో పుట్టిపెరిగిన ఒకరిద్దరు ‘ఫ్రూట్ సెట్ అయింది’ అన్నారు. అది వారి భాషాభిమానంలోని లోపం కాదు. వారు చెట్టుకు పిందె పడటం చూడలేదు.

5. కుదురు, పడు, నప్పు, పొసగు

విద్యార్థి అభ్యంతరానికి తిరిగి వద్దాం. ‘సెట్ అవు’ గట్టిగా నిలదొక్కుకొన్న అర్థం అనుకూలత. మనిషికీ మనిషికీ, మనిషికీ వస్తువుకూ మధ్య సరిపడటం. ఈ అర్థంలో తెలుగు క్రియలు ఎలా ప్రవర్తిస్తాయో చూడాలి.

‘పడు’ను తీసుకొంటే, ‘వాళ్ళిద్దరికీ పడదు’ అన్నది సర్వసాధారణం. ‘నాకు చన్నీళ్ళు పడవు’, ‘ఆ మందు అతడికి పడలేదు’ కూడా అంతే. దీన్నే అనుకూలార్థంలో మార్చి ‘వాళ్ళిద్దరికీ పడుతుంది’ అని చూడండి. వాక్యం తప్పు కాదు. కాని ఎవరూ మెచ్చుకోలుగా అలా అనరు. ‘పడదట కదా’ అని ఎవరైనా అంటే ‘ఎందుకు పడదు, పడుతుంది’ అని ఖండించడానికి మాత్రమే అది పనికొస్తుంది. అంటే ఈ అర్థంలో ‘పడు’ ప్రధానంగా వ్యతిరేకక్రియగా బతుకుతున్నది.

‘కుదురు’ స్థితి దీనికి తలకిందులు. అనుకూలార్థంలో ఇది ఎంతో విస్తారమైన క్రియ. బేరం కుదురుతుంది, సంబంధం కుదురుతుంది, ముహూర్తం కుదురుతుంది, వంట కుదురుతుంది. పాతవాడుకలో రోగమూ కుదురుతుంది. ‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట’ అనే సామెత హాస్యమంతా ఈ అర్థం మీదనే నిలిచింది. ఎవరికైనా బుద్ధి వచ్చేట్టు జరిగితే తిక్క కుదురుతుంది. దీని వెనుక ఒక వస్తువు కూడా ఉంది. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లకుండా నిలవడానికి కింద పెట్టే చుట్ట పేరు కుదురు. చెట్టు మొదట్లో నీళ్ళు నిలిచే పాదూ కుదురే, వరిదుబ్బూ కుదురే. వీటన్నిటి మూలం ఒకటేనా అన్న వ్యుత్పత్తిచర్చకు ఇక్కడ పోను. వ్యవహర్త మనసులో మాత్రం చలనం మాని ఒక చోట నిలవడమనే భావన వీటిని కలుపుతున్నది. ‘కుదురుగా కూర్చో’ అని పిల్లలను గదమాయించేటప్పుడు తల్లులు వాడేది అదే. ‘సిట్’కు ‘సెట్’ ప్రేరణ అయినట్టే ‘కుదురు’కు ‘కుదుర్చు’ ప్రేరణ. ఆంగ్ల ‘సెట్’కు ఒక్క తెలుగు క్రియను ఎంచమంటే నేను ఎక్కువమంది ఎంచే ‘పెట్టు’ను కాక ‘కుదుర్చు’నే ఎంచుతాను.

అయితే ఇదే క్రియ వ్యతిరేకరూపంలోకి వెళ్ళగానే అర్థం జారిపోతుంది. ‘ఇవాళ కుదరదు’ అంటే వీలు లేదని. ‘నీ ఆటలు ఇక్కడ కుదరవు’ అంటే సాగవని. ‘వాళ్ళిద్దరికీ కుదరలేదు’ అంటే స్వభావాలు కలవలేదన్న అర్థం రాకపోదు, కాని వీలు చిక్కలేదన్న అర్థం ముందుకొచ్చి అడ్డం నిలుస్తుంది. నా విద్యార్థి చెప్పింది ఇదే. ‘కుదరదు’ తిరస్కారవాచకంగా స్థిరపడేకొద్దీ అననుకూలతను చెప్పే శక్తి దానిలో తగ్గింది.

మిగిలినవి ‘నప్పు’, ‘పొసగు’. ‘నప్పు’ రెండు రూపాల్లోనూ చక్కగా నడుస్తుంది. ‘ఈ రంగు నీకు నప్పింది’, ‘ఆ వేషం అతడికి నప్పలేదు’. కాని అది దుస్తులకు, నగలకు, పాత్రలకు పరిమితం. ‘వాళ్ళిద్దరికీ నప్పలేదు’ అంటే ఏమి నప్పలేదన్న ప్రశ్న వస్తుంది. పైగా మా తరగతిలో కోస్తా జిల్లాలవారికి అది ఇంటిమాట, తెలంగాణ జిల్లాల పిల్లల్లో చాలామందికి చదువుకొన్న మాట. ‘పొసగు’ మనుషుల మధ్య సంబంధానికి సరిగ్గా సరిపోతుంది. దానికొచ్చిన ఇబ్బంది స్థాయి. వ్యాసాల్లో, వార్తల్లో అది వినిపిస్తుంది కాని వసతిగృహంలో స్నేహితుడితో మాట్లాడేటప్పుడు బరువవుతుంది.

ఇప్పుడు ఖాళీ ఎక్కడుందో కనిపిస్తుంది. వ్యతిరేకంలో బాగా నడిచే ‘పడు’ అనుకూలంలో నడవదు. అనుకూలంలో బాగా నడిచే ‘కుదురు’ వ్యతిరేకంలో దారి తప్పుతుంది. ‘నప్పు’కు వస్తుపరిధి అడ్డం, ‘పొసగు’కు స్థాయి అడ్డం. మనుషులకూ వస్తువులకూ, అనుకూలానికీ వ్యతిరేకానికీ, ఉభయప్రాంతాల వారికీ కలిపి చెల్లే ఒక్క మాట కావలసివచ్చింది. కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవారు ఒకే అంతస్తులో అద్దెకుండే రామంతాపూర్ వంటి చోట ఎవరి మాటా కాని మాట అందరికీ పనికొస్తుంది. ‘సెట్ అవుతది’, ‘సెట్ అవుతుంది’ అని క్రియాంతం మాత్రం ఎవరిది వారు ఉంచుకొన్నారు.

ఇంతమాత్రాన ‘సెట్’ వాడిన ప్రతిచోటా అది న్యాయమేనని నా అభిప్రాయం కాదు. ‘అంతా సెట్టు’ అన్నచోట ‘అన్నీ అమరాయి’ అన్న వాక్యానికి ఏ లోటూ లేదు. అమరు, అమర్చు అనే జంట నిండుగా, రెండు రూపాల్లోనూ పనిచేసే క్రియలు. అక్కడ ‘సెట్’ ఖాళీని పూరించలేదు, ఉన్న కుర్చీలో కూర్చొంది. సాహిత్యవిమర్శలో ఈ సోమరితనం మరింత హాని చేస్తుంది. ‘రచయిత ఈ పాత్రను కథలో బాగా సెట్ చేశాడు’ అనే వాక్యం ఈ మధ్య సదస్సుల్లో వినబడుతున్నది. పాత్రను కథలో ఇమిడ్చాడా, నిలిపాడా, అమర్చాడా, పొదిగాడా? ఇమిడ్చాడంటే కథకు ఒదిగేట్టు పాత్రను మలిచాడని. నిలిపాడంటే కథకు ఎదురుగానైనా పాత్రకు వ్యక్తిత్వం ఇచ్చాడని. అమర్చాడంటే నేర్పు ఉంది కాని ప్రాణం తక్కువన్న ధ్వని కూడా రావచ్చు. ఇవి నాలుగు వేర్వేరు విమర్శనిర్ణయాలు. ‘సెట్ చేశాడు’ అన్న విమర్శకుడు ఏ నిర్ణయమూ చేయలేదు. ఎర్రసిరా ఖర్చు చేయవలసింది ఇక్కడ.

6. ‘జమ్నా’ జాడ

అనుకూలత అనే అర్థం ‘సెట్’కు తెలుగులోనే పుట్టిందని చెప్పడం సాహసమవుతుంది. హిందీలోనూ, హైదరాబాదు దక్కనీలోనూ ‘సెట్ హోగయా’ ఇదే అర్థంలో వినిపిస్తుంది. దక్కనీ, హిందీల్లోని ‘జమ్నా’ క్రియను గమనిస్తే ఒక దారి దొరుకుతుంది. పెరుగు తోడుకోవడం ‘జమ్నా’. నీరు గడ్డకట్టడం ‘జమ్నా’. ఒకరికొకరు సరిపడటమూ, పని చక్కగా కుదరడమూ ‘జమ్నా’యే. ఆంగ్ల ‘సెట్’కు పెరుగు గట్టిపడటమనే అర్థం ఉంది కాని సరిపడటమనే అర్థం లేదు. ‘జమ్నా’కు రెండూ ఉన్నాయి. కాబట్టి ‘జమ్నా’ అర్థపటాన్ని ‘సెట్’ మీద పరిచి, అక్కడినుంచి నగర తెలుగులోకి దించుకొని ఉండవచ్చునని నా ఊహ. ఇది ఊహే. సరిపడటమనే అర్థంలో ‘సెట్’ హైదరాబాదు కన్నా ముందు మరొక నగరపు తెలుగులో స్థిరపడిందని చూపగలిగితే ఇది నిలవదు. కాని ఆంగ్లం నుంచి తెలుగుకు సూటిగా వచ్చిందని మనం అనుకొనే మాటల్లో కొన్ని నడుమ ఉర్దూ వాకిట్లో ఆగి వచ్చాయన్న సంగతిని హైదరాబాదు విషయంలో విస్మరించకూడదు.

7. నిఘంటువులు ఏమి చేయాలి

మన ఆంగ్ల-తెలుగు నిఘంటువుల్లో ఇలాంటి క్రియలకు సాధారణంగా కనిపించేది సమానార్థకాల వరుస. పెట్టు, ఉంచు, నిలుపు, అమర్చు, నాటు, నిర్ణయించు, అస్తమించు అంటూ కామాలతో సాగే వరుసలో ఏది ఎప్పుడు వాడాలో చెప్పే సూచన ఉండదు. ఇప్పటికే తెలుగు బాగా వచ్చినవాడికి ఆ వరుస అవసరం లేదు, రానివాడికి అది పనికిరాదు. వరుస నుంచి మొదటి పదాన్ని తీసి వాడే అలవాటు విద్యార్థుల్లో ఎందుకొచ్చిందంటే మనం ఇచ్చిన సాధనమే అలాంటిది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో సి.పి. బ్రౌన్ కూర్చిన నిఘంటువులను ఈ దృష్టితో తెరిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పదానికి పదం ఇచ్చి ఊరుకోక ప్రయోగవాక్యాలను, పలుకుబళ్ళను చేర్చడం ఆయన పద్ధతి. అందులో పొరపాట్లు లేకపోలేదు. అయినా ఒక క్రియ ఏ నామంతో కలిసి ఏ అర్థమిస్తుందో చూపాలన్న మెలకువ ఆయనకుంది. 1991లో వచ్చిన గ్విన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు ఆధునిక వ్యవహారాన్ని తీసుకొని ఆ మెలకువను మరొక అడుగు ముందుకు నడిపింది. భద్రిరాజు కృష్ణమూర్తి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో వెలువడింది. మరుసటేడు ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయసంపుటం వచ్చింది. ఒకటి ధాతువుల రూపచరిత్ర, మరొకటి పొలానికి వెళ్ళి రైతునోట సేకరించిన పదసంపద. ఈ రెండు మార్గాలూ కలిసే చోట, అంటే ఏ క్రియ ఏ నామంతో ఏ రూపంలో నడుస్తుందన్న సాహచర్యకోశం దగ్గర, తర్వాతి తరాల పని సన్నగిల్లిందన్నది నా అభిప్రాయం.

‘సెట్’ ఆరోపాన్ని అర్థసంఖ్యలతో కాక నామాలతో విభజించాలన్నది నా ప్రతిపాదన. రాయి అయితే పొదుగు, ఎముక అయితే అతుకు, వల అయితే పన్ను, ధర అయితే నిర్ణయించు లేదా కట్టు, పెరుగు అయితే తోడుకొను. అనువాదకుడు వెతికేది ‘ముప్పైరెండవ అర్థం’ కాదు, తన చేతిలోని వాక్యంలో ఉన్న నామం. ఇక తెలుగు-తెలుగు నిఘంటువులో ‘సెట్ అవు’ అనే ఆరోపం ఉండాలి. అది చతుర్థితో అన్వయిస్తుందని, అనుకూల, వ్యతిరేకాలు రెంటిలోనూ చెల్లుతుందని, వ్యావహారికస్థాయికి చెందినదని, ‘పడు’, ‘కుదురు’, ‘నప్పు’, ‘పొసగు’లతో దాని తేడాలివి అని అందులో చెప్పాలి. అన్యదేశ్యమన్న ఒక్క సూచనతో ఆరోపం ముగించడానికి వీల్లేదు.

దీనికి ఆధారసామగ్రి ఎక్కడినుంచి తేవాలన్నది పెద్ద సమస్య. అచ్చయిన సాహిత్యాన్ని మాత్రమే గుదిగుచ్చితే ‘సెట్’ చాలా తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే రాసేవారు, దిద్దేవారు దాన్ని తీసివేస్తారు. నేను నా విద్యార్థి పత్రంలో చేసింది అదే. సంభాషణను ధ్వనిముద్రించి లిప్యంతరీకరించిన సామగ్రి లేకుండా ఈ క్రియ నిజస్థితి తెలియదు.

సామగ్రి సేకరించినా తేలని ఆరోపం ఒకటి ఉంది. ‘సెట్ చేసుకొను’. ‘వాడు ఒకమ్మాయిని సెట్ చేసుకున్నడు’ అనే వాక్యం క్యాంపస్‌లో వినవచ్చేదే. రింగ్‌టోన్‌కూ మనిషికీ ఇక్కడ ఒకే క్రియ, ఒకే కర్మకారకం. దీన్ని నిఘంటువులో చేర్చకపోతే వ్యవహారాన్ని దాచినట్టు, చేర్చి ఊరుకొంటే ఆమోదించినట్టు. ‘నింద్యం’ అనే సూచన చాలునా అని తరగతిలో అడిగాను. చివరి వరుసలోని ఒక విద్యార్థిని, “మేడమ్, ‘వాళ్ళిద్దరికి సెట్ అయింది’ అంటే ఇద్దరిది. ‘సెట్ చేసుకున్నడు’ అంటే వాడొక్కనిదే” అంది. ఆ అమ్మాయి చూపింది ‘అవు’కూ ‘చేసుకొను’కూ మధ్య ఉన్న కర్తృత్వభేదం. ‘సెట్ చేసుకున్నది’ అని స్త్రీ కర్తగా ఉన్న ప్రయోగాలు ఎంత దొరుకుతాయో, దొరికినచోట అర్థం మారుతుందో లేదో చూస్తే తప్ప ఈ భేదం వ్యాకరణసూచనగా చేరాలా, సామాజికసూచనగా చేరాలా అన్నది తేలదు.